కోడ్ దగ్గర ఇరుక్కున్నప్పుడు సాయం ఎలా అడగాలి

«అన్నా, ప్రోగ్రాం రాలా. రేపు ల్యాబ్ ఉంది. కాస్త చూడన్నా, అర్జెంట్.»

కింద ఒక ఫొటో. ల్యాప్‌టాప్ తెరను ఫోన్‌తో వంకరగా తీసింది. పైన ట్యూబ్‌లైటు మెరుపు, కింద సగం తెగిపోయిన ఎర్రర్. నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో ప్రాక్టికల్స్ ముందు రాత్రి ఇలాంటి మెసేజ్‌లు వరసగా పడతాయి. ఆ అన్నకు సాయం చేయాలనే ఉంటుంది. కానీ ఆయన ముందు ఏ లాంగ్వేజో అడగాలి, తర్వాత ఎర్రర్ పూర్తిగా పంపమనాలి, తర్వాత ఏం ఇన్‌పుట్ ఇచ్చావని అడగాలి. ఒక్కో జవాబు వచ్చేసరికి పది నిమిషాలు పోతాయి. నాలుగో ప్రశ్నకు ఆయన నిద్రపోతాడు.

మంచి ప్రశ్నకు ఒకటే పరీక్ష: మీ మెసేజ్ చదివిన మనిషి మిమ్మల్ని ఇంకో మాట అడక్కుండా, మీకు వచ్చిన తప్పునే తన కంప్యూటర్లో తెప్పించుకోగలగాలి. మీరు అడిగేది సీనియర్‌నైనా, ల్యాబ్ సార్‌నైనా, ముఖం తెలియని వాళ్లనైనా ఈ పరీక్ష మారదు. కింద చెప్పే పనులన్నీ దానికోసమే. మొదటిసారి అరగంట పట్టొచ్చు. అలవాటైతే పది నిమిషాల పని.

ముందు 'రాలా' అంటే ఏం రాలేదో తేల్చుకోండి

'పనిచేయట్లేదు' అనే మాటలో ఐదు వేర్వేరు జబ్బులున్నాయి, ఒక్కోదానికి మందు వేరు. మీది ఏదో తేల్చుకోకుండా అడగొద్దు.

కంపైల్ కాకపోవడం ఒకటి. ప్రోగ్రాం అసలు మొదలే కాదు, కంపైలర్ తప్పు చూపిస్తుంది. ఇది సులువైన రకం, ఎందుకంటే లైన్ నంబర్ దొరుకుతుంది. రెండోది, మొదలై మధ్యలో ఎర్రర్‌తో పడిపోవడం. ఇక్కడ ఏ ఇన్‌పుట్ ఇస్తే పడిపోయిందో తప్పనిసరిగా చెప్పాలి. మూడోది, ఏ ఎర్రర్ లేకుండా తప్పు జవాబు రావడం. కొత్తవాళ్లు సరిగ్గా అడగలేకపోయేది ఎక్కువగా దీని దగ్గరే. 'ఏం రావాలి, ఏం వచ్చింది' అని రెండు విలువలూ రాయకపోతే చదివేవాళ్లకు అక్కడ తప్పుందనే తెలియదు.

నాలుగోది, ప్రోగ్రాం ఆగకుండా తిరుగుతూ ఉండటం. దీన్ని అడిగే ముందు ఒకటి చూసుకోండి: అది నిజంగా తిరుగుతోందా, లేక మీరు ఏదో టైప్ చేస్తారని కాచుకుని ఉందా? పైథాన్‌లో ఇన్‌పుట్() బ్రాకెట్లలో ఏ మాటా రాయకపోతే తెర మీద కర్సర్ మాత్రమే మినుకుమంటుంది. సీలో స్కాన్‌ఎఫ్ కూడా అంతే. ఒక అంకె కొట్టి ఎంటర్ నొక్కి చూడండి. కదిలితే అది లూప్ కాదు. కదలకపోతే లూప్ లోపల ఒక ప్రింట్ పెట్టి, లెక్క పెంచాల్సిన వేరియబుల్ పెరుగుతోందో లేదో చూడండి. చాలాసార్లు దాన్ని పెంచే లైన్ లూప్ బయట ఉంటుంది.

ఐదోది, ఒకసారి వచ్చి ఒకసారి రాకపోవడం, లేదా ఒక చోట వచ్చి ఇంకో చోట రాకపోవడం. ఇందులో ఎక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు అన్న జంట సమాచారమే ప్రాణం. ఉదాహరణకు మీ వెబ్ పేజీలో బొమ్మ మీ విండోస్ ల్యాప్‌టాప్‌లో కనిపిస్తోంది, ఆన్‌లైన్‌లో పెట్టాక కనిపించట్లేదు. ఈ ఒక్క వాక్యం రాస్తే తెలిసినవాళ్లు వెంటనే ఫైలు పేర్లు చూపించమంటారు. విండోస్‌కు పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే. లినక్స్ సర్వర్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు.

ఎర్రర్‌ను చదవండి, ఎక్కడ చదవాలో తెలుసుకుని

ఎర్రర్ ఇంగ్లీషులో పది లైన్లు కనపడగానే చాలామంది కళ్లు తిప్పుకుంటారు. పది లైన్లూ అవసరం లేదు. అయితే ఏ లైన్ చూడాలన్నది లాంగ్వేజ్‌ను బట్టి మారుతుంది.

పైథాన్‌లో కింద నుంచి పైకి చదవాలి. అన్నిటికన్నా కింది లైన్‌లో ఎర్రర్ పేరు, కారణం ఉంటాయి. దానిపైన ఫైళ్ల పేర్లు, లైన్ నంబర్లు ఉంటాయి. వాటిలో కొన్ని లైబ్రరీ ఫైళ్లు, మీరు రాసినవి కావు. కింది నుంచి వెతుకుతూ మీ ఫైలు పేరు మొదట ఎక్కడ తగిలితే ఆ లైన్ దగ్గర ఆగండి.

జావాలో తలకిందులు. ఎక్సెప్షన్ పేరు పైనే ఉంటుంది. దాని కింది వరసలో మీ క్లాస్ పేరున్న మొదటి లైన్ పట్టుకోండి. మధ్యలో 'కాజ్డ్ బై' అని ఉంటే అసలు కారణం అక్కడ ఉంటుంది, కాబట్టి దాన్ని కత్తిరించకుండా పంపాలి.

సీలో నలభై ఎర్రర్లు వచ్చినా మొదటి దాన్నే చూడండి. ఒక సెమీకోలన్ పోతే కంపైలర్ దారి తప్పి, ఆ తర్వాత బాగున్న లైన్లను కూడా తప్పంటుంది. మొదటిది సరిచేసి మళ్లీ కంపైల్ చేస్తే నలభై కాస్తా రెండవుతాయి. ఇంకో సంగతి: చూపించిన లైన్ బాగానే కనిపిస్తే దాని పై లైన్ చూడండి. సెమీకోలన్ 11లో పోతే తప్పు 12లో ఉందని చెప్పే కంపైలర్లు చాలా ఉన్నాయి. పైథాన్‌లోనూ బ్రాకెట్ మూయకపోతే పాత వెర్షన్లు తర్వాతి లైన్‌ను నిందించేవి. 3.10 నుంచి, ఫలానా బ్రాకెట్ మూయలేదని సరైన చోటే చెబుతోంది.

'సెగ్మెంటేషన్ ఫాల్ట్' (ముట్టకూడని మెమరీని ప్రోగ్రాం ముట్టింది) అని మాత్రం వచ్చి లైన్ నంబర్ రాకపోతే, ముందు వార్నింగులన్నీ చూపించమని కంపైలర్‌ను అడగండి. జీసీసీ అనే సీ కంపైలర్‌లో దానికి డ్యాష్ డబ్ల్యూ ఆల్ అనే ఆప్షన్ ఉంది (డబ్ల్యూ పెద్దక్షరం, మధ్యలో ఖాళీలు ఉండవు). స్కాన్‌ఎఫ్‌లో వేరియబుల్ ముందు ఆంపర్‌శాండ్ మరిచిపోవడం మొదటి సంవత్సరంలో చాలామంది చేసే తప్పు, దాన్ని ఆ ఆప్షన్ పట్టిస్తుంది. ఎర్రర్ కాదు కదా అని వార్నింగులను దాచొద్దు. అవతలివాళ్లకు తొలి ఆధారం తరచూ వాటిలోనే దొరుకుతుంది.

ఎర్రర్ లైన్‌ను అలాగే కాపీ చేసి నెట్‌లో వెతకండి. వెతికే ముందు అందులోంచి మీ ఫోల్డర్ పేరు, మీరు పెట్టుకున్న వేరియబుల్ పేర్లు తీసేయండి. అవి ప్రపంచంలో మీ దగ్గరే ఉంటాయి, వాటితో వెతికితే ఏమీ తగలదు. పదిహేను, ఇరవై నిమిషాలు ఇలా ప్రయత్నించాక దొరక్కపోతే అడగడానికి మొహమాటపడక్కర్లేదు. మూడు గంటలు ఒంటరిగా తలబాదుకోవడం కష్టపడటం కిందికి రాదు.

విలువలనే కాదు, వాటి రకాన్నీ చూడండి

అడిగే ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, దీంతోనే చాలా ప్రశ్నలు తీరిపోతాయి. నెల్లూరు లెక్కలో వడ్లు పుట్టి అంటే 850 కిలోలు. పుట్లు ఇస్తే కిలోలు చెప్పే పైథాన్ ప్రోగ్రాం ఇలా రాశారనుకోండి (ఇక్కడ తెలుగు లిపిలో చూపించినా, కోడ్ కొట్టేది ఇంగ్లీషు అక్షరాల్లోనే):

పుట్లు = ఇన్‌పుట్()
కిలోలు = పుట్లు * 850
ప్రింట్(కిలోలు)

3 ఇస్తే 2550 రావాలి. కానీ తెర నిండా 333333 అంటూ ఆపకుండా మూళ్లు వస్తాయి, సరిగ్గా 850 మూళ్లు. ఎర్రర్ ఏమీ లేదు. పైథాన్ 3లో ఇన్‌పుట్() ఏది ఇచ్చినా స్ట్రింగ్‌గానే, అంటే సంఖ్యగా కాక అక్షరాల వరసగానే తీసుకుంటుంది, స్ట్రింగ్‌ను 850తో గుణిస్తే అన్నిసార్లు పక్కపక్కన రాస్తుంది. పుట్టి ధరను కూడా ఇన్‌పుట్()తో తీసుకుని రెండింటినీ గుణిస్తే అప్పుడు టైప్ ఎర్రర్‌తో పడిపోతుంది. ఒకే తప్పు రెండు చోట్ల రెండు వేషాల్లో కనపడుతుంది.

ప్రింట్(టైప్(పుట్లు)) అని ఒక లైన్ పెట్టి ఉంటే అది స్ట్రింగ్ అని తెలిసిపోయేది, ఇంట్(ఇన్‌పుట్()) అని మార్చుకుని ముందుకెళ్లేవాళ్లు. అందుకని అనుమానమున్న లైన్‌కు పైన ప్రతి వేరియబుల్‌కూ విలువ, రకం రెండూ ప్రింట్ చేయండి. అప్పటికీ తేలకపోతే ఆ ప్రింట్ల ఫలితాన్ని ప్రశ్నలో చేర్చండి. 'పుట్లులో 3 ఉంది' అనడం కంటే 'పుట్లులో స్ట్రింగ్ 3 ఉంది' అనడం ఎంతో విలువైనది.

ఏ వెర్షన్, ఎక్కడ నడుపుతున్నారు

ఇది అనవసరమని చాలామంది వదిలేస్తారు. ఎందుకు వదలకూడదో అదే పుట్ల లెక్కను సీలో రాసి చూడండి. మెయిన్‌లో ఈ మూడు లైన్లు చాలు:

ఇంట్ పుట్లు = 39;
ఇంట్ కిలోలు = పుట్లు * 850;
ప్రింట్‌ఎఫ్("%డి", కిలోలు);

జీసీసీలో 33150 వస్తుంది. కొన్ని ల్యాబుల్లో ఇప్పటికీ డాస్‌బాక్స్ (పాత డాస్ ప్రోగ్రాంలను నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడిచే పాత కంపైలర్ టర్బో సీలో -32386 వస్తుంది. కోడ్‌లో ఒక్క అక్షరం తేడా లేదు. టర్బో సీలో ఇంట్‌కు 16 బిట్లు, అది మోయగలిగే అతి పెద్ద సంఖ్య 32767. 38 పుట్ల దాకా 32300, ఇబ్బంది లేదు. 39 అయ్యేసరికి హద్దు దాటి రుణసంఖ్యగా తిరగబడుతుంది. జీసీసీలో మామూలుగా ఇంట్‌కు 32 బిట్లు కాబట్టి ఆ హద్దు చాలా దూరంగా ఉంటుంది.

టర్బో సీ అని మీరు చెప్పకపోతే, సాయం చేసేవాళ్లు జీసీసీలో నడిపి 'నాకు బాగానే వస్తోందే' అంటారు. కథ అక్కడే ఆగిపోతుంది. చెబితే ఒక్క నిమిషంలో జవాబు: కిలోలును లాంగ్‌గా ప్రకటించండి, 850 పక్కన ఎల్ చేర్చండి, ప్రింట్‌ఎఫ్‌లో %ఎల్‌డి వాడండి. కిలోలును ఒక్కదాన్నే లాంగ్ చేస్తే చాలదు. గుణకారం ముందే ఇంట్‌లో జరిగి పాడైపోతుంది, పాడైన సంఖ్యే లాంగ్‌లోకి వెళుతుంది.

కాబట్టి ప్రతి ప్రశ్నలో మూడు సంగతులు: ఆపరేటింగ్ సిస్టమ్, లాంగ్వేజ్ వెర్షన్, దేనిలో నడుపుతున్నారు. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే నల్ల తెర) పైథాన్ అని కొట్టి, ఖాళీ వదిలి, రెండు డ్యాష్‌లతో వెర్షన్ అని రాస్తే నంబర్ వస్తుంది. జీసీసీకీ అదే పద్ధతి. జావాకు ఒక డ్యాష్ ఏ వెర్షన్‌లోనైనా పనిచేస్తుంది. ఆ కమాండే గుర్తుపట్టడం లేదని విండోస్ అంటే, అదే మీ సమస్య కావచ్చు. పైథాన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత్‌కు (కమాండ్ల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితా) చేర్చే గడిలో టిక్ పెట్టకపోతే అలా వస్తుంది. ఫోన్‌లోని యాప్‌లో నడుపుతుంటే ఆ యాప్ పేరు చెప్పండి, సిగ్గుపడే సంగతేమీ కాదు. ఎన్నో ఏళ్ల నాటి వీడియో చూసి రాస్తున్నా చెప్పండి. పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది, ఆ పాఠాలు మాత్రం ఇంకా నెట్‌లో తిరుగుతున్నాయి. పైథాన్ 2లో 3/2 అంటే 1, పైథాన్ 3లో 1.5.

కోడ్‌ను కోసి చిన్నది చేయండి

రెండొందల లైన్లు పంపితే ఎవరూ చదవరు. అలాగని తప్పు ఉందనుకున్న ఒక్క లైన్ పంపితే ఎవరూ నడపలేరు. కావాల్సింది పదిహేను, ఇరవై లైన్లలో స్వయంగా నడిచే ముక్క. నడిపితే మీ తప్పే మళ్లీ రావాలి.

అసలు ఫైలును ముట్టుకోకుండా ఇంకో పేరుతో కాపీ చేసుకోండి. కాపీలో తప్పుకు సంబంధం లేదనిపించిన సగం తీసేసి నడపండి. తప్పు ఇంకా వస్తే ఇంకో సగం తీయండి. తప్పు మాయమైతే చివరగా తీసింది వెనక్కి పెట్టండి, తప్పు దాని చుట్టుపక్కలే ఉంది. అలా తీసుకుంటూ పోతుంటే చాలాసార్లు అడగాల్సిన అవసరమే రాదు, మీకే దొరుకుతుంది. ఈ పని అవతలివాళ్లకోసం చేస్తున్నట్టు కనిపిస్తుంది కానీ ఎక్కువ లాభపడేది మీరే.

కీబోర్డు నుంచి తీసుకునే విలువలను కోడ్‌లోనే రాసేయండి, పైన 39 రాసినట్టు. అయితే పైథాన్ ఇన్‌పుట్ విషయంలో జాగ్రత్త: 3 అని అంకె రాస్తే తప్పు మాయమైపోతుంది, కొటేషన్లలో "3" అని రాస్తేనే అసలు పరిస్థితి ఉంటుంది. ఎక్సెల్ ఫైలు నుంచి డేటా చదువుతుంటే మొత్తం ఫైలు పంపొద్దు, తప్పు తెప్పించే మూడు వరసలు కోడ్‌లోనే లిస్టుగా పెట్టండి.

పంపబోయే ముక్కను కొత్త విండోలో ఒకసారి నడపడం మరవద్దు. కోడ్‌ను గడులు గడులుగా రాసి నడిపే జూపిటర్ నోట్‌బుక్ వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పైన చెరిపేసిన గడిలోని వేరియబుల్ మెమరీలో మిగిలిపోయి, మీ దగ్గర పనిచేసే కోడ్ అవతల పనిచేయదు. కెర్నల్ (వెనక ఉండి కోడ్‌ను నడిపే ప్రోగ్రాం) రీస్టార్ట్ చేసి అన్ని గడులూ మొదటి నుంచి నడపండి. ఆ నడిపినదాన్నే కాపీ చేయండి. చూసి మళ్లీ టైప్ చేస్తే అసలు తప్పు పోయి కొత్త తప్పు చేరుతుంది.

ఏఐ రాసిచ్చిన కోడ్ అయితే ఆ మాట చెప్పండి, ఏ లైన్లు మీకు అర్థమయ్యాయో ఏవి కాలేదో కూడా. లేకపోతే జవాబిచ్చేవాళ్లు మీకు తెలియని సంగతులు తెలుసనుకుని మాట్లాడతారు.

మీరు వేసుకున్న దారిని కాదు, చేరాల్సిన చోటు చెప్పండి

అల్లూరు, విడవలూరు వైపు చెరువుల నుంచి వచ్చే రొయ్యల ధరలు కౌంట్‌ను బట్టి ఉంటాయి. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంట్. ధరల జాబితాలో '40 కౌంట్', '60 కౌంట్' అని ఉంది, అందులోంచి అంకె కావాలి. మీకు ఒక ఆలోచన వచ్చింది: మొదటి రెండు అక్షరాలు తీసుకుంటే చాలు కదా. అది ఎలా రాయాలో తెలియక, 'స్ట్రింగ్‌లో మొదటి రెండు అక్షరాలు ఎలా తీయాలి' అని అడిగారు. ఎవరో చెప్పారు, పెట్టుకున్నారు, బాగానే నడిచింది. '100 కౌంట్' రాగానే అది 10 అయింది, ఆ రొయ్యకు మీ ప్రోగ్రాం ఎక్కడా లేని ధర కట్టింది.

జవాబు చెప్పినవాళ్ల తప్పు లేదు. అడిగినదానికి సరిగ్గానే చెప్పారు. 'నా దగ్గర 40 కౌంట్, 100 కౌంట్ లాంటి మాటలున్నాయి, అంకె మాత్రమే కావాలి, మొదటి రెండు అక్షరాలు తీద్దామనుకుంటున్నా' అని ఉంటే, ఖాళీ దగ్గర విడగొట్టి మొదటి ముక్కను ఇంట్‌గా మార్చుకోమని చెప్పేవాళ్లు. ప్రోగ్రామర్లు దీన్ని ఎక్స్‌వై ప్రాబ్లమ్ అంటారు. ప్రశ్నలో ఒక వాక్యం అసలు అవసరానికి, ఒక వాక్యం మీ ఉపాయానికి కేటాయించండి. డేటాలో అతి చిన్నదీ అతి పెద్దదీ, విచిత్రమైనదీ ఒక్కోటి చూపించండి. మామూలువి చూపిస్తే మామూలు జవాబే వస్తుంది.

'మా ల్యాబ్ మాన్యువల్లో 7వ ప్రోగ్రాం' అని మాత్రం రాయొద్దు. నెల్లూరు వైపు ఇంజనీరింగ్ కాలేజీలు జేఎన్‌టీయూ అనంతపురం పరిధిలోవి, ఒంగోలు వైపువి జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలోవి. అటానమస్ కాలేజీలకు సిలబస్ మళ్లీ వేరు. పక్క ఊరి సీనియర్‌కే మీ 7వ ప్రోగ్రాం ఏదో తెలియదు. ప్రశ్న మొత్తం రాయండి. అది అసైన్‌మెంట్ అయితే అలాగే చెప్పి, పూర్తి కోడ్ కాకుండా ఎక్కడ తప్పానో చెప్పమని అడగండి. పూర్తి కోడ్ అడిగితే ముఖం తిప్పుకునేవాళ్లు కూడా దీనికి ఆగి సాయం చేస్తారు.

ఫొటో వద్దు, అక్షరాలే పంపండి

ఫొటోలోని కోడ్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసుకోలేరు, నడపలేరు, వెతకలేరు. అంకె 1కి, చిన్న ఎల్‌కు తేడా తెలియదు. కోడ్, ఎర్రర్ రెండూ అక్షరాలుగానే వెళ్లాలి. విండోస్ నల్ల తెరలో ఎర్రర్‌ను మౌస్‌తో ఎంచుకుని ఎంటర్ నొక్కితే కాపీ అవుతుంది. వెబ్ పేజీలో బటన్ పక్కకు జరిగింది, గ్రాఫ్ తప్పుగా గీసింది వంటి కంటికి కనిపించే సమస్యలకు స్క్రీన్‌షాట్ కావాలి, అదీ కోడ్‌కు తోడుగా.

వాట్సాప్‌లో కోడ్‌ను నేరుగా అతికిస్తే అది పాడవుతుంది. నక్షత్ర గుర్తుల మధ్య ఉన్న మాట లావు అక్షరాలుగా, అండర్‌స్కోర్ల మధ్య ఉన్నది ఏటవాలు అక్షరాలుగా మారి ఆ గుర్తులు మాయమవుతాయి. అంటే గుణకారాలే ఎగిరిపోతాయి. కోడ్‌కు ముందు మూడు, వెనక మూడు బ్యాక్‌టిక్‌లు పెడితే అలాగే ఉంటుంది. కీబోర్డులో అంకె 1కి ఎడమవైపు ఉన్న మీట అది. టెలిగ్రామ్‌లోనూ ఇదే పద్ధతి. ముప్ఫై లైన్లు దాటితే ఫైలుగా జతచేయండి.

ఫోన్‌లో కోడ్ టైప్ చేసేవాళ్లకు ఇంకో గండం ఉంది. కీబోర్డు వాక్యం మొదట పెద్దక్షరం పెట్టేస్తుంది, ప్రింట్‌లో పి పెద్దదైతే పైథాన్ నేమ్ ఎర్రర్ అంటుంది. కొన్ని ఫోన్లు, వర్డ్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు నిటారు కొటేషన్లను వంపు కొటేషన్లుగా మారుస్తాయి. కంటికి తేడా కనపడదు, కంపైలర్‌కు మాత్రం అది తెలియని అక్షరం. నోట్స్ పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన కోడ్ ఏ కారణం లేకుండా మొరాయిస్తుంటే ముందు కొటేషన్లను చేత్తో మళ్లీ కొట్టి చూడండి.

పంపే ముందు ఒక్క నిమిషం ఆగి పాస్‌వర్డులు, ఏపీఐ కీలు (ఆన్‌లైన్ సేవలను వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్‌లు), డేటాబేస్ వివరాలు ఉన్నాయేమో వెతకండి. ఉంటే వాటి చోట ఉత్తుత్తి అక్షరాలు పెట్టండి. డేటాలో నిజమైన మనుషుల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఉంటే వాటికీ అంతే. పొరపాటున కీ బయటపడితే మెసేజ్ డిలీట్ చేసి ఊరుకోవద్దు, అప్పటికే ఎవరి ఫోన్‌లోనో అది చేరి ఉంటుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి.

ఇక రాయడం

'అన్నా ఉన్నారా?' అని పెట్టి కాచుకోవద్దు. ఆయన గంట తర్వాత 'ఆ, చెప్పు' అంటాడు, అప్పటికి మీరు ఉండరు. పలకరింపు, ప్రశ్న, కోడ్ అన్నీ ఒకే మెసేజ్‌లో వెళ్లాలి. మొదటి లైన్‌లోనే విషయం తెలియాలి. 'సీలో సమస్య' కాదు, 'టర్బో సీలో గుణకారం 39 దగ్గర రుణసంఖ్య ఇస్తోంది' అనాలి. 'అర్జెంట్', వరసగా ఆశ్చర్యార్థకాలు పెడితే పని తొందరగా జరగదు. పూర్తి మెసేజ్ ఇలా ఉంటుంది:

«అన్నా, టర్బో సీలో పుట్లను కిలోలుగా మార్చే లెక్క 39 దగ్గర రుణసంఖ్య ఇస్తోంది. పుట్టికి 850 కిలోలు. 38 ఇస్తే 32300 సరిగ్గా వస్తోంది. 39 ఇస్తే 33150 రావాలి, -32386 వస్తోంది. ఎర్రర్, వార్నింగ్ ఏమీ లేవు. విండోస్ 10, డాస్‌బాక్స్ మీద టర్బో సీ. ఇదే కోడ్ స్నేహితుడి జీసీసీలో 33150 ఇస్తోంది. 850 * పుట్లు అని తిప్పి రాసి చూశా, మార్పు లేదు. 38కీ 39కీ మధ్య ఏం జరుగుతోందో అర్థం కాలా. కోడ్ మొత్తం కింద ఉంది.»

ఇందులో హద్దు ఎక్కడో ఉంది, రావాల్సింది వచ్చింది రెండూ ఉన్నాయి, ఏం ప్రయత్నించారో ఉంది. 38 దాకా బాగుండి 39 దగ్గర తిరగబడిందని కనిపెట్టడానికి మీకు పట్టేది పది సార్ల లోపు నడపడమే: 10, 100, 50, 30, ఇలా మధ్యకు వస్తూ పోవడమే. తెలిసినవాళ్లకు ఆ రెండు అంకెలు చూడగానే 32767 గుర్తొస్తుంది.

తెలుగువాళ్లను తెలుగులోనే అడగండి, మన మాటలోనే సమస్య స్పష్టంగా వస్తుంది. ఎర్రర్‌ను మాత్రం తెలుగు చేయొద్దు, అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంచండి. బయటివాళ్లను ఇంగ్లీషులో అడిగేటప్పుడు పొడుగు వాక్యాలు, క్షమాపణలు అక్కర్లేదు. ఏం ఇచ్చాను, ఏం రావాలి, ఏం వచ్చింది: మూడు పొట్టి వాక్యాలు చాలు. వ్యాకరణం తప్పినా కోడ్ సరిగ్గా ఉంటే వాళ్లకు అర్థమవుతుంది.

జవాబు వచ్చాక

చెప్పింది చెప్పినట్టు చేసి చూసి, ఏమైందో రాయండి. 'రాలేదన్నా' అని మళ్లీ మొదటికి రావొద్దు. కిలోలును లాంగ్ చేశాక కూడా -32386 వస్తే ఆ అంకెతో సహా రాయండి. అప్పుడే ఎల్ చేర్చలేదని వాళ్లకు తెలుస్తుంది. మధ్యలో కోడ్‌లో ఇంకేదైనా మార్చి ఉంటే మారిన కోడ్ మొత్తం కొత్తగా పంపండి. పాత కోడ్ చూసి వాళ్లు, కొత్త కోడ్ చూసి మీరు మాట్లాడుకుంటే తెల్లవారుతుంది.

ఒకే ప్రశ్న నాలుగు చోట్ల అడిగితే, ఒక చోట తేలగానే మిగతా మూడింట్లో ఆ మాట చెప్పండి. ఎవరో ఒకరు అప్పటికీ కూర్చుని మీ కోడ్ నడుపుతూ ఉండొచ్చు. రోజు గడిచినా ఎవరూ పలకకపోతే అదే మెసేజ్‌ను మళ్లీ అతికించొద్దు. కోడ్‌ను ఇంకొన్ని లైన్లు తగ్గించి, ఈలోపు ప్రయత్నించింది చేర్చి, మొదటి లైన్ మార్చి పంపండి.

సమస్య తీరాక 'థాంక్స్ అన్నా, వచ్చింది' అని వదిలేయకుండా ఏం మారిస్తే వచ్చిందో ఒక్క లైన్ రాయండి: 'టర్బో సీలో ఇంట్ హద్దు 32767. 850ఎల్, లాంగ్, %ఎల్‌డి పెట్టాక 33150 వచ్చింది.' వచ్చే ఏడాది అదే ల్యాబ్‌లో అదే ప్రోగ్రాం దగ్గర ఆగిన తమ్ముడో చెల్లెలో గ్రూపులో 32767 అని వెతికితే దొరికేది ఆ లైనే.